గేటు తీయండి, గోడలు కాపాడండి: చెన్నైలోని పాత చర్చిల పెద్దలకు బహిరంగ లేఖ

చెన్నైలో వందేళ్లు దాటిన చర్చిల పాలక కమిటీ సభ్యులకు, పాస్టర్లకు, ఫాదర్లకు, పాత కట్టడాల బాగోగులు చూడాల్సిన ప్రభుత్వ అధికారులకు,

నమస్కారం.

నాది కర్నూలు జిల్లా. ఉద్యోగరీత్యా ఈ ఊరొచ్చి, తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఊరి నుంచి వచ్చే బంధువులకీ, మా వీధి పిల్లలకీ పాత చెన్నపట్నం తిప్పి చూపించడం నాకు ఇష్టమైన పని. ఈ ఉత్తరంలో రాయబోయే విషయాలన్నీ ముందు ఒక చర్చి కమిటీకి అర్జీగా ఇచ్చాను. అందినట్టు సంతకం పెట్టి ఇచ్చారు గానీ జవాబు రాలేదు. గుర్తు చేస్తూ మళ్లీ రాశాను. నేరుగా వెళ్లి అడిగితే ‘కమిటీలో పెడతాం’ అన్నారు. అక్కడితో సరి. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాయాల్సి వస్తోంది.

ఆ చర్చి పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక్కళ్లని పట్టుకుని వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. పైగా ఇదే పరిస్థితి ఇంకా కొన్నిచోట్ల కళ్లారా చూశాను.

నేను క్రైస్తవుణ్ణి కాను. అయినా ఈ చర్చిలు నాకు పరాయివి కావు, ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి.

మా పెదనాన్నగారిది పత్తికొండ దగ్గర పల్లెటూరు. కంటి ఆపరేషన్ తర్వాత చెకప్‌కి చెన్నై వచ్చినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే: “మన్రో దొర సమాధి ఎక్కడుందో చూపించు నాయనా.” సర్ థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా మా దత్తమండలాలకు (ఇప్పటి రాయలసీమ, బళ్లారి ప్రాంతం) ప్రిన్సిపల్ కలెక్టరు. తర్వాత మద్రాసు గవర్నరయ్యారు. 1827 జులై 6న పత్తికొండలోనే కలరా సోకి చనిపోయారు. ముందు గుత్తిలో పూడ్చిపెట్టి, 1831లో ఇక్కడి సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తెచ్చారు. మా సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఇళ్లు ఉండేవి. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు కనిపించి మాట్లాడారన్న కథ మా ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పాలకుడిగా మన్రో మంచిచెడ్డల మీద పండితులు వాదించుకుంటే వాదించుకోనీ. మా పెదనాన్నకి ఆయన తన ఊళ్లో కన్నుమూసిన మనిషి. కోట గేటు దగ్గర పోలీసు తనిఖీ దాటి లోపలికి వెళ్లాం. సచివాలయం అక్కడే ఉంది కాబట్టి ఆ తనిఖీ తప్పదు, మాకేమీ ఇబ్బంది కాలేదు. చర్చి గుమ్మం దగ్గర ఎవరూ చెప్పకుండానే ఆయన చెప్పులు విప్పేశారు. మన్రో పేరు చదివి వినిపించాక చాలాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఆ మర్నాడు ఇంకో పాత చర్చికి వెళ్లాం. రాతి గోడలు, ఎత్తయిన కిటికీలు, నేలంతా సమాధి పలకలు. మాతోపాటు మా వీధి పిల్లలు కొందరు. బోర్డు మీద ఉన్న టైముకే వెళ్లాం, గేటుకి తాళం. వాచ్‌మన్ చిన్న తలుపులోంచి చూసి, “సండే సర్వీస్‌కి రండి” అన్నారు. చూసి వెళ్లిపోతామని బతిమాలితే ఎవరికో ఫోన్ చేశారు. ఆ ఫోన్‌కి జవాబు వచ్చేదాకా ఎండలో రోడ్డు మీదే నిలబడ్డాం. చివరికి ఐదు నిమిషాలకు ఒప్పుకున్నారు. ముందువైపు మెట్లు ఎత్తుగా ఉన్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. పక్కన వాలుగా ఒక దారి కట్టారు గానీ, అది చేరే తలుపుకి లోపలి గడియ, దానికి అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీల దొంతరలు. పెదనాన్న కింది మెట్టు మీద కూర్చుని, “మీరు చూసి రండి, నాకు చెబుదురుగాని” అన్నారు.

లోపల నడవాలో సమాధి పలకల మీద ఇనప కాళ్ల బెంచీలు ఈడ్చిన గీతలు తెల్లగా, కొత్తగా కనిపిస్తున్నాయి. ఒక పలక మీద అక్షరాలు దాదాపు అరిగిపోయి, ఒకటి, ఏడు అనే అంకెలు మాత్రం తెలుస్తున్నాయి. ఆ పక్క రెండంకెల మీదుగా గీత పోయింది. ఒక పాప అక్కడ కూర్చుని మిగతా అంకెల కోసం వేలితో తడిమి చూసింది. కిటికీ కింద గోడలో రాళ్ల సందుల్లోని పాత సున్నం గీకేసి సిమెంటు కూరారు. ఆ సిమెంటు మాత్రం గట్టిగా, నున్నగా ఉంది. పక్కనున్న రాయి పొరలు పొరలుగా లేస్తోంది. ముట్టుకుంటే తెల్లటి ఉప్పు పొడి, రాతి రజను వేలికి అంటాయి. పిల్లలు అడిగిన ప్రశ్నలకు అక్కడ జవాబు చెప్పేవాళ్లు లేరు. ఒక కాగితం కూడా లేదు.

వాచ్‌మన్‌ని నేను తప్పుపట్టను. ఎవరొస్తే ఏం చేయాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. గేటు తీసి ఏదైనా పోతే మాట పడేది ఆయనే.

మీ వైపు కారణాలు కూడా నాకు తెలుసు. ప్రార్థన జరుగుతుండగా సెల్ఫీలు దిగేవాళ్లున్నారు. అడగకుండా పెళ్లి ఫొటోషూట్లు పెట్టేవాళ్లున్నారు. ఇత్తడి సామాను, పాత ఫలకాలు దొంగతనం అవుతాయన్న భయం ఉంటుంది. సంఘంలో సభ్యులు తగ్గిపోయి కరెంటు బిల్లు కట్టడమే కష్టమైన చర్చిలున్నాయి. ఇవన్నీ నిజమే. చర్చి అంటే ముందు ప్రార్థన చేసుకునే చోటు, ఆ తర్వాతే చూడటానికి వచ్చేవాళ్లు. కాదనను. అయితే ఈ ఇబ్బందులకు తాళం ఒక్కటే మందు అనుకుంటే నష్టపోయేది ఎవరో కూడా చూడండి. ఆ నష్టాన్నీ, మేం అడిగేవాటినీ కలిపి కింద రాస్తున్నాను.

1. చూసే వేళలు రాసిపెట్టండి, ఆ వేళల్లో గేటు తీసి ఉంచండి. నెల్లూరు, చిత్తూరు, కడప, కర్నూలు జిల్లాల నుంచి ఆస్పత్రుల కోసం రోజూ ఎంతోమంది చెన్నై వస్తారు. రిపోర్టు సాయంత్రం ఇస్తామంటే మధ్యలో ఒక పూట ఖాళీ. రూము అద్దెకే చేతిలో డబ్బు సరిపోని వాళ్లకి మాల్స్, సినిమాలు ఎక్కడివి? చల్లగా, నిశ్శబ్దంగా ఉండే ఒక పాత చర్చిలో కాసేపు కూర్చుంటే రోగికీ, వెంట వచ్చినవాళ్లకీ టెన్షన్ కొంత తగ్గుతుంది. అలాంటివాళ్లు ఆటోకి డబ్బు పెట్టుకుని వచ్చి గేటు చూసి వెనక్కి పోతున్నారు. కూలిపనులు చేసుకునే కుటుంబాలకు దొరికేది ఆదివారం ఒక్కటే. ఆ ఉదయమంతా మీకు ఆరాధనలు. అందుకని వారంలో కొన్ని రోజులు, ఆదివారం మధ్యాహ్నం కొన్ని గంటలు ఖాయం చేయండి. పెళ్లో, అంత్యక్రియలో ఉంటే గేటు దగ్గర పలక మీద సుద్దతో రాస్తే చాలు. శాంతోమ్ బాసిలికాకి అన్ని మతాల వాళ్లూ వస్తూ పోతూ ఉంటారు, దాని పవిత్రతకి లోటేమీ రాలేదు. మా తెలుగువాళ్లకు బాగా తెలిసిన మెదక్ రాతి చర్చి సంగతి తీసుకోండి. 1924 డిసెంబరు 25న ప్రారంభమైన ఆ చర్చిని చూడటానికి హిందువులు, ముస్లింలు కుటుంబాలతో వెళ్తారు. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని కట్టించిన చర్చి అని అక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆ చనువు ఇక్కడ ఎందుకు కుదరదు?

2. మెట్లు ఎక్కలేనివాళ్లకు దారి ఇవ్వండి. మోకాళ్ల నొప్పులవాళ్లు, చక్రాల కుర్చీవాళ్లు బయట కూర్చుని ‘మీరు చూసి రండి’ అనాల్సిన పని లేదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది, జనం వాడే కట్టడాల్లోకి అందరూ వెళ్లగలిగే ఏర్పాటు ఉండాలని అది చెబుతోంది. పాత రాయిని ముట్టుకోకుండా తీసి పెట్టుకునే చెక్క ర్యాంపు వేయొచ్చు. విడిగా నిలబడే కమ్మీ పెట్టొచ్చు. ర్యాంపు ముందే ఉన్నచోట కుర్చీలు తీసేసి తలుపు గడియ తీస్తే చాలు, దానికి రూపాయి ఖర్చు లేదు. దీనివల్ల ముందు బాగుపడేది మీ సంఘంలోని పెద్దవాళ్లే.

3. సిమెంటు పని వెంటనే ఆపండి. అన్నిటికంటే గట్టిగా అడిగేది ఇదే. మిగతావి ఆలస్యమైతే మళ్లీ చేసుకోవచ్చు, పొడైపోయిన రాయిని మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

పాత రాతి గోడలో సున్నం చేసే పని రాళ్లని అతికించడం ఒక్కటే కాదు. గోడలోకి చేరిన తడి బయటికి పోయేదీ ఆ సున్నం గుండానే. సున్నం రాయికంటే మెత్తన. ఎండావానలకు ఏదో ఒకటి చెడాలంటే ముందు సున్నం చెడుతుంది, దాన్ని గీకి మళ్లీ పూడ్చుకోవచ్చు. సందుల్లో సిమెంటు కూరితే తడికి ఆ దారి మూసుకుపోయి, రాయిలోంచే బయటికి రావాల్సి వస్తుంది. చెమట పట్టిన ఒంటికి ప్లాస్టిక్ కవరు చుట్టినట్టే. మనది సముద్రపు ఒడ్డు, గాలిలోనే ఉప్పు ఉంటుంది. తడితోపాటు వచ్చిన ఉప్పు రాతి పైపొర కింద గడ్డకట్టి, ఉబ్బి, ఆ పొరని చిట్లగొడుతుంది. ‘రాయి పాతబడిపోయింది’ అని దానిమీద మళ్లీ సిమెంటే మెత్తుతారు. ఆ పైన ఆయిల్ పెయింటు వేస్తారు. రెండు వానాకాలాలు గడిస్తే పెయింటు బుడగలు తేలుతుంది. మళ్లీ చందాలు, మళ్లీ కాంట్రాక్టరు. ఈ డబ్బంతా ఎవరిది? ఆదివారం కానుక సంచిలో పది, ఇరవై వేసే మామూలు మనుషులది.

సున్నం పనికి పేరుపడ్డ ఊరు ఇది. ఆల్చిప్పలు కాల్చి చేసిన మద్రాసు సున్నప్పూత పాలరాయిలా మెరిసేదని ఇక్కడికి వచ్చిన ప్రయాణికులు రాసుకున్నారు. గానుగలో ఆడించిన డంగు సున్నం, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి పనిచేసే తాపీ మేస్త్రీలు తమిళనాడులోనూ, మా ఆంధ్రలోనూ ఇంకా ఉన్నారు. పని దొరక్క వాళ్ల పిల్లలు టైల్స్ పనిలోకి, పెయింటు పనిలోకి మళ్లుతున్నారు. ఒక తరం పోతే ఈ పని నేర్పేవాళ్లే ఉండరు. కాబట్టి పాత కట్టడాలు బాగుచేసిన అనుభవం ఉన్న ఇంజినీరు చూసి రాసివ్వకుండా మీ గోడమీద ఎవరినీ తాపీ ఎత్తనివ్వకండి. ఏ పని చేశారు, ఏం కలిపారు, ఎంత ఖర్చయింది అన్నది నోటీసు బోర్డు మీద పెట్టండి. సమాధి పలకల మీద బెంచీలు ఈడ్చకుండా కాళ్లకి రబ్బరు తొడుగులు వేయించండి. ఈ తొడుగుల పని ఈ వారమే చేయొచ్చు.

4. చరిత్ర చెప్పండి, జనం మాట్లాడే భాషల్లో చెప్పండి. సెయింట్ మేరీస్ చర్చి 1680 అక్టోబరు 28న ప్రారంభమైంది. సూయజ్ కాలువకి తూర్పున ఉన్న ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘపు) చర్చిలన్నిటిలోకీ పాతది. రాబర్ట్ క్లైవ్ పెళ్లి 1753లో అక్కడే జరిగింది. దాని ఆవరణలో 1652లో చనిపోయిన ఎలిజబెత్ బేకర్ అనే ఆమె సమాధి రాయి ఉంది. ఎగ్మూరులో కర్క్ అని పిలిచే సెయింట్ ఆండ్రూస్ చర్చిని 1818–1821 మధ్య థామస్ డి హావిలాండ్ కట్టారు. అక్కడి నేల మెత్తన కావడంతో బావులు దించి, వాటిమీద పునాది నిలబెట్టారు. మా వీధిలో సివిల్ ఇంజినీరింగ్ చదివే అబ్బాయికి ఈ సంగతి చెబితే, రోజూ ఆ పక్కనుంచే కాలేజీకి వెళ్తున్నా తెలియదన్నాడు. తెలిసేలా అక్కడ ఎవరైనా చెబితే కదా. సెయింట్ జార్జి కెథడ్రల్‌లో 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) పుట్టింది. దోర్నకల్ నుంచి నంద్యాల దాకా ఎన్నో పల్లెల తెలుగు క్రైస్తవులు ఆ సంఘంలోనివాళ్లే. తమ సంఘం పుట్టిన చోటు చూడాలని వాళ్లకు ఉండదా?

చెన్నపట్నానికీ మాకూ ఉన్న బంధం నిన్నమొన్నటిది కాదు. 1639లో ఈస్టిండియా కంపెనీవాళ్లకు ఈ నేల రాసిచ్చినవాళ్లు దామెర్ల నాయకులు. వాళ్ల తండ్రి చెన్నప్ప పేరే ఈ ఊరికి వచ్చిందంటారు. 1953 అక్టోబరు 1 దాకా ఆంధ్ర, రాయలసీమ తెలుగువాళ్లకు ఇదే రాజధాని. ఇక్కడి పేటల్లో ఇవాళ్టికీ ఇళ్లలో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు ఎన్నో. కాబట్టి తమిళం, ఇంగ్లీషుతోపాటు తెలుగులో కూడా ఒక కాగితం, ఒక బోర్డు పెట్టమని అడుగుతున్నాను. రాసిపెట్టే పని నాకు వదిలేయండి. నాతో పనిచేసిన టీచర్లు కొందరున్నారు, మేం ఉచితంగా రాసిస్తాం. మీవాళ్లు చదివి సరే అన్నాకే పెట్టండి. పలకల మీద పేర్లు, ఏళ్లు ఇంకా కనిపిస్తుండగానే అన్నీ ఫొటోలు తీసి, వరసగా రాయించి ఉంచండి. దీనికి కాలేజీ పిల్లలు సంతోషంగా వస్తారు.

5. వాచ్‌మన్‌కి రాతపూర్వకంగా చెప్పండి. ఎవరిని, ఎప్పుడు, ఎలా పంపాలి, సంతకం ఎక్కడ తీసుకోవాలి అన్నది ఒక కాగితం మీద ఉంటే ఆయనకీ ధైర్యం, మాకూ మర్యాద. చూడటానికి వచ్చినవాళ్ల వేషం చూసి గేటు తీయడం, తీయకపోవడం ఉండకూడదు. లుంగీలో వచ్చిన రైతుకీ, కెమెరా మెడలో వేసుకున్న విదేశీ టూరిస్టుకీ ఒకే నియమం ఉండాలి.

6. తాగే నీళ్లు, ఆడవాళ్లకి టాయిలెట్. మీ ఆవరణలో ఉన్నవే, తాళం తీయిస్తే చాలు.

7. పాత రిజిస్టర్లు కాపాడండి. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, మరణాల పుస్తకాల్లో పేదవాళ్ల పేర్లు కూడా ఉంటాయి. వాళ్లకు రాతి పలకలు వేయించే స్తోమత లేదు, ఆ ఒక్క వరసే వాళ్ల గుర్తు. ముత్తాత పేరు వెతుక్కుంటూ వచ్చిన మనవలకు ‘పుస్తకాలు తెరవకూడదు, పొడైపోతాయి’ అని చెప్పి పంపుతున్నచోట్లు ఉన్నాయి. పొడైపోయేలోపే స్కాన్ చేయిస్తే అసలు పుస్తకం ముట్టుకోకుండానే అడిగినవాళ్లకి చూపించొచ్చు.

డబ్బు మాట. చూడటానికి వచ్చేవాళ్ల దగ్గర చిన్న రుసుము పెట్టినా నాకు అభ్యంతరం లేదు. విద్యార్థులకు, ముసలివాళ్లకు మినహాయింపు ఇచ్చి, వసూలైనదంతా సున్నం పనికే వాడతామని బోర్డు మీద రాయండి, జనం అడిగినదానికంటే ఎక్కువే వేస్తారు. ఫొటోల గొడవకి నియమం పెట్టండి: ఆరాధన వేళ కెమెరా వద్దు, మిగతా సమయంలో ఫ్లాష్ లేకుండా తీసుకోవచ్చు, ఫొటోషూట్లకు ముందే అనుమతి, దానికి ఫీజు. దొంగతనాల భయానికి వాకిట్లో పేరు, ఫోన్ నంబరు రాయించుకుని, లోపల సంఘం నుంచి ఒకరు కూర్చుంటే సరిపోతుంది. రిటైరైనవాళ్లం మేం కూడా వచ్చి కూర్చుంటాం, మీకు సమ్మతమైతే.

ప్రభుత్వ అధికారులకు విడిగా కొంత చెప్పాలి. వారసత్వ కట్టడాల కోసం తమిళనాడు శాసనసభ 2012లోనే వారసత్వ కమిషన్ చట్టం చేసింది. ఆ చట్టం స్ఫూర్తి ప్రకారం ఏ చర్చి ఏ స్థితిలో ఉందో ఒకసారి తిరిగి చూసి, ఆ జాబితాని జనం ముందు పెట్టండి. స్తోమత లేని సంఘాలకు సలహా ఇచ్చే ఇంజినీర్లను ఉచితంగా పంపండి. చాలా కమిటీలు సిమెంటు వాడేది తెలియక, ఇంకో దారి చూపేవాళ్లు లేక. నోటీసులిచ్చి భయపెడితే వాళ్లు పగుళ్లు దాచుకోవడం మొదలుపెడతారు. ముందు సాయం చేయండి, ఆ తర్వాత కూడా గోడ పాడుచేస్తే చర్య తీసుకోండి. ఏడాదికోసారి ఆగస్టు 22న మద్రాసు డే అని వేడుకలు జరుగుతాయి. ఆ ఒక్కరోజు నడకలకు తెరిచిన తలుపులు మర్నాడు మూతపడకుండా చూడటం మీ బాధ్యత కూడా.

అన్నీ ఒకేసారి జరగాలని నేను మొండిగా అడగను. వేళల బోర్డు, కుర్చీలు తీసి ర్యాంపు తలుపు తెరవడం, బెంచీలకి తొడుగులు, సిమెంటు పని నిలిపివేత — ఈ నాలుగింటికి అనుమతులు, నిధులు ఏవీ అక్కర్లేదు. ఈ లేఖ చేరిన 30 రోజుల్లో ఇవి చేయండి. మిగతావాటికి ఏ నెలలో ఏం చేస్తారో రాసి మీ గేటుకే అంటించండి. కుదరనిది ఏదైనా ఉంటే ఎందుకు కుదరదో అదే కాగితం మీద రాయండి, చదివి ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉన్నాం. ఈ లేఖ తమిళం, ఇంగ్లీషు ప్రతులు మీ ఆఫీసుల్లో ఈ వారమే స్వయంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుంటాను. గడువు దాటితే, చర్చికి వచ్చే మీ సంఘస్థుల సంతకాలు కూడా కలిపి సంబంధిత అధికారుల దగ్గరికి వెళ్తాం. వాళ్లలో చాలామంది ఇప్పటికే సంతకం పెడతామని మాట ఇచ్చారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు ఉపాధ్యాయుడు,
పెరంబూరు, చెన్నై